మాటలొద్దు, చప్పుడు చెయ్యి

దోన్ అనాక్లేతో షెడ్డులో మనిషన్నవాడు నోరు తెరవచ్చు గానీ మాట్లాడకూడదు. అదీ ఆయన రూలు. బండి చెడిపోయి వచ్చినవాడు ఎవడైనా సరే, "ఏం లేదు దోన్ అనాక్లేతో, నిన్న సంత దగ్గర మలుపు తిప్పుతుంటేనూ..." అని మొదలుపెట్టాడంటే చాలు, ఆయన జిడ్డు చెయ్యి ట్రాఫిక్ పోలీసులా పైకి లేచేది.

"మాటలొద్దు. చప్పుడు చెయ్యి."

"ఏం చప్పుడు?"

"నీ బండి చేసే చప్పుడు. నోటితో."

అంతే. ఇక అప్పీలు లేదు. ఎత్తు కొండల మీది ఒరూరో పట్నంలో మెకానిక్కులకు కొదవా? చలికాలం వస్తే పొద్దున్నపూట కుళాయిలో నీళ్ళు గడ్డకట్టే ఊరది. తెల్లారేసరికి వీధుల్లో మనుషులకన్నా బండ్లే ఎక్కువ దగ్గుతుంటాయి. కాబట్టి సందుకో షెడ్డు ఉంది. ఆ షెడ్లన్నిట్లోనూ కుర్చీ వేసి, కష్టం సుఖం అడిగి, చెప్పిందంతా వింటారు. అయినా జనం అనాక్లేతో దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎందుకంటే ఆయన బాగుచేసిన బండి మళ్ళీ అదే రోగంతో వచ్చేది కాదు. దానికోసం కాస్త సిగ్గు చంపుకుంటే పోయిందేముందని సరిపెట్టుకునేవారు.

సరిపెట్టుకోలేని మనిషి ఒక్కతే ఉంది. ఆయన చెల్లెలు కసిల్దా. షెడ్డు గేటు పక్కనే ఆవిడ బల్ల వేసుకుని వేడివేడి ఆపి అనే జావ అమ్మేది. ఊదారంగు మొక్కజొన్న పిండిలో దాల్చినచెక్కా లవంగాలూ వేసి చిక్కగా కాస్తే, ఆ చలిలో ప్రాణం లేచివచ్చేది. దానికి తోడు లోపల చీజు పెట్టి నూనెలో బూరెలా పొంగించిన పాస్తెల్. జనం బెంచీ మీద కూర్చుని, కప్పు రెండు చేతుల్లో పట్టుకుని, మొదటి గుక్క తాగబోతుంటే వెనకాల షెడ్డులోంచి ఎవరో పెద్దమనిషి "గర్ర్ర్ర్... ఠప్!" అనేవాడు. సగం ఆపి ఒళ్ళో పడేది.

"అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది. వాళ్ళని మనుషుల్లా మాట్లాడనివ్వు" అని కసిల్దా మొత్తుకునేది.

"మాటలు అబద్ధాలాడతాయే. చప్పుళ్ళు ఆడవు" అనేవాడు అనాక్లేతో సోమవారం నాడు.

అదే ప్రశ్న బుధవారం అడిగితే, "నా ఎడమ చెవిలో మాటలు దూరడం మానేశాయి" అనేవాడు. శనివారానికి కారణం మళ్ళీ మారేది. "డాక్టరు చెప్పాడే. రోజుకి ఇన్నే మాటలు వినాలిట. ఎక్కువ వింటే మెదడు వాస్తుందిట."

ఆవిడ అడగడం మానేసింది. అన్నయ్యకు పెళ్ళి కాలేదు కాబట్టి ఇలా తయారయ్యాడని ఒక నిర్ణయానికి వచ్చేసింది.

ఆ షెడ్డులో జరిగిన అవమానాలు ఒకటా రెండా! ఫాదర్ బసీలియో తన కారు ఎత్తు ఎక్కేటప్పుడు ఎలా మూలుగుతుందో మూలిగి చూపించాడు. ఆ మూలుగులో ఎంత బాధ పలికిందంటే, బెంచీ మీదున్న ఆడవాళ్ళు కప్పులు దించి శిలువ గుర్తు వేసుకున్నారు. పోలీసు ఇన్‌స్పెక్టరు తన జీపు బ్రేకు కీచుమనడాన్ని యూనిఫాంలోనే కీచుమన్నాడు. ఆ పక్కనే నిలబడ్డ జేబుదొంగ నవ్వాపుకోలేక పట్టుబడ్డాడు.

ఇక దొన్యా లియొనోర్ సంగతి. కల్నల్‌గారి విధవరాలు. జన్మలో గొంతు పెంచి ఎరగదు. ఇంట్లో పనిమనిషిని కూడా చిన్న గంట మోగించి పిలుస్తుంది. ఆవిడ తొడుగుల చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి కళ్ళు మూసుకుని, "క్యుంక్" అంది.

"ఇంకాస్త ముక్కుతో, అమ్మా."

"క్యుఁయ్ంక్."

"స్టీరింగు బుష్షు" అన్నాడు అనాక్లేతో.

దానికే అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆవిడ మళ్ళీ నెలకల్లా వచ్చింది. కారుకే రోగమూ లేదు. అయినా కూర్చుని, "ఈసారి ఇలా అంటోందండీ" అని "గుర్ర్ర్ బొళక్" అంది, మొహమంతా వెలిగిపోతూ. ఆ కారు అలాంటి చప్పుడు చేసే అవకాశమే లేదని అనాక్లేతోకి తెలుసు. అయినా శ్రద్ధగా విని, బానెట్ ఎత్తి, దించి, "బాగైపోయిందమ్మా" అని పంపించాడు. అప్పట్నుంచీ ఆవిడ నెలకోసారి తప్పకుండా వచ్చి మనసు తేలిక చేసుకుని వెళ్ళేది.

చివరికి ఆ రూలు షెడ్డు కూడా దాటిపోయింది. మందుల షాపుకెళ్ళి దగ్గు మందు కావాలంటే అనాక్లేతో దగ్గేవాడు. చెప్పుల షాపులో పాత బూటు ఎక్కడ కరుస్తోందో కిర్రుకిర్రుమని చెప్పేవాడు. కసిల్దా తలమీద టోపీ మొహం మీదికి లాక్కుని, ఆయన తనకేమీ కానట్టు పక్కకి తిరిగి నిలబడేది.

అలాంటి షెడ్డుకి, ఆ ఊళ్ళో చలి ముదిరే జూన్ నెల నడిమధ్య ఒక మిట్టమధ్యాహ్నం మెరుపు బ్యాండు వచ్చింది.

బ్యాండంటే పెళ్ళికీ పండగకీ ఊళ్ళు తిరిగే బాకాల బ్యాండు. వాళ్ళ బస్సు ముందు భాగం ముక్కులా పొడుచుకొచ్చి, ఆకుపచ్చ రంగు సగం ఊడిపోయి ఉంటుంది. బస్సు ఆగకముందే బ్యాండు మాస్టారు వెన్సెస్లావో కిందికి దూకాడు. ఆయన కాళ్ళకన్నా ముందు ఆయన మాటలు నేల మీద పడ్డాయి.

"దోన్ అనాక్లేతో! ఈ బస్సు చచ్చింది! పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే లోపల ఎవడో సుత్తులతో కొడుతున్నట్టుంది! మా బావమరిది చూసి ఇంజను బోరుకొచ్చిందన్నాడు, పిస్టన్లు లొడలొడలాడుతున్నాయన్నాడు! అంతా ఈ డ్రైవరు నిర్వాకం, చల్లటి ఇంజన్ని పట్టుకుని రేస్ చేసి పారేశాడు! రేపు పొద్దున్న సలీనాస్ ఊళ్ళో పండగ, దార్లో ఆగిపోతే మా పరువేం కావాలి? సాయంత్రం పాత ఇనుమువాణ్ణి రమ్మన్నాను, బస్సు వాడికిచ్చేసి, డ్రైవర్ని ఇంటికి పంపేసి..."

"మాటలొద్దు."

"నేను మాట్లాడ్డం లేదండీ, వివరిస్తున్నాను."

అనాక్లేతో ఆయన్ని పక్కకి జరిపి, బస్సెక్కి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను పిల్లిలా గురగురమంది. వంక పెట్టడానికి లేదు. రాత్రంతా జ్వరంతో మూలిగి, డాక్టరు గుమ్మంలోకి రాగానే ఆటలు మొదలుపెట్టే పిల్లాడు ఉంటాడే, అచ్చం అలా ఉంది. ఊరంతా తిరిగి వేడెక్కి వచ్చింది మరి. అది చల్లారి మళ్ళీ కూయాలంటే రేపు తెల్లారాలి. పాత ఇనుమువాడేమో సాయంత్రమే వస్తాడు.

"చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చెయ్యండి" అన్నాడు అనాక్లేతో.

వెన్సెస్లావో గొంతు సవరించుకున్నాడు. తనది సంగీతం చెవి కదా. "లొడ-లొడ-లొడ-లొడ" అన్నాడు.

"కాదు మాస్టారూ" అని బాకా ఊదేవాడు ముందుకొచ్చాడు. "అది టకటకా టక్, టకటకా టక్."

"నీ మొహం. అంత జోరెక్కడుంది?" అని పెద్ద డోలువాడు డోలు మీద వాయించి చూపించాడు. తాళాలవాడికి అది నచ్చక తన పద్ధతిలో కొట్టాడు. అందరికన్నా లావుపాటి బాకా మోసేవాడు, "అడుగున ఒక బొంయ్ ఉంది, అది మీరెవరూ పట్టుకోవట్లేదు" అని కళ్ళు మూసుకుని "బొంయ్, బొంయ్" అని ఊదాడు. కాసేపటికి ఎవరు ఏ చప్పుడు చేస్తున్నారో తెలీకుండా పోయి, అది ఒక పాటైపోయింది. కసిల్దా బల్ల దగ్గర ఆపి తాగుతున్న ముసలి దంపతులు కప్పులు పక్కన పెట్టి, చేతిరుమాళ్ళు ఊపుకుంటూ రెండు చుట్లు ఆడారు.

ఇంత గోలలోనూ బ్యాండువాళ్ళ కుక్క మాత్రం బస్సు నీడలో పడుకుని నిద్రపోతూనే ఉంది. దాని పేరు కాపితాన్. రోజూ పొద్దున్న బస్సు టకటకలాడినంతసేపూ మోర ఎత్తి ఏడ్చి, చప్పుడు ఆగగానే మానేయడం దానికి అలవాటు.

అనాక్లేతో ఆ కుక్కనొకసారి చూశాడు. "డ్రైవరేడీ?" అన్నాడు.

డ్రైవరు ఫెర్మీన్ అందరికీ వెనక నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా, చెవుల మీదికి లాక్కున్న టోపీతో. కసిల్దాకి వాడంటే పడదు. ఏళ్ళ తరబడి వస్తున్నాడు, ఒక్కసారి నోరు విప్పి పలకరించిన పాపాన పోలేదు. బల్ల ముందు నిలబడి వేళ్ళు చూపిస్తాడు. రెండు వేళ్ళంటే రెండు పాస్తెళ్ళు. డబ్బులు పెట్టి వెళ్ళిపోతాడు. పొగరుబోతు అని ఆవిడ ఎప్పుడో పేరు పెట్టేసింది.

"వాడేం చెప్తాడండీ!" అన్నాడు వెన్సెస్లావో. "ఏరా ఫెర్మీన్, చల్లటి ఇంజన్ని రేస్ చేశావా లేదా? చెప్పు!"

ఫెర్మీన్ పెదాలు కదిలాయి. మెడ నరాలు బిగిశాయి. "నే... నే... నేను చె... చె..."

"చేశానంటున్నాడు!" అని వెన్సెస్లావో చప్పట్లు కొట్టాడు.

ఫెర్మీన్ కంగారుగా తల అడ్డంగా ఊపాడు. "చె... చె... చె..."

"చేశాననే కదరా! విన్నారుగా అందరూ, ఒప్పుకున్నాడు!"

చెయ్యలేదు అనబోతున్నాడని కసిల్దాకి అర్థమైంది. ఆ మాటలో అసలు ముక్కంతా చివరే ఉంది, అక్కడిదాకా వాణ్ణి ఎవరూ పోనివ్వడం లేదు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అయితే వాడిది పొగరు కాదన్నమాట. ఇన్నేళ్ళూ ఆ వేళ్ళు...

ఖణేల్‌మని స్పానరు నేల మీద పడింది. అనాక్లేతో కావాలనే పడేశాడు.

"నా షెడ్డులో మాటలొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఫెర్మీన్, ఇలా రా నాయనా. చప్పుడు చెయ్యి."

ఫెర్మీన్ ముందుకొచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు. కాస్త ముందుకి వంగాడు, బస్సు ముక్కులా. ముందు సెల్ఫ్ కొట్టాడు: "క్ర్-క్ర్-క్ర్-క్ర్..." అందుకుంది. "ఫ్టక్-ఫ్టక్-ఫ్టక్-ఫ్టక్..." ఎక్కడా తట్టుకోలేదు, తడబడలేదు. గేరు మార్చాడు, బస్సు కదిలింది. వీధి మలుపులో ఊగింది. మెల్లిగా వేడెక్కుతుంటే ఆ టక్కులు పలచబడ్డాయి. "ఫ్ట... ఫ్ట... ఫ్..." అని సన్నగిల్లి, కరిగిపోయి, చివరికి పిల్లి గురక ఒక్కటే మిగిలింది.

మొదటి ఫ్టక్‌కే కాపితాన్ దిగ్గున లేచింది. మోర ఎత్తి ఊళ మొదలుపెట్టింది. కదలకుండా ఉన్న బస్సును చూసింది, ఫెర్మీన్‌ను చూసింది, ఏమీ పాలుపోక ఫెర్మీన్ వైపే తిరిగి ఏడ్చింది. టక్కులు ఆగిన క్షణానే నోరు మూసుకుని మళ్ళీ పడుకుంది. లావు బాకావాడైతే అలవాటుకొద్దీ సంచీ అందుకుని బస్సెక్కేశాడు.



"మొదటి ముక్క మళ్ళీ" అన్నాడు అనాక్లేతో.

"ఫ్టక్."

"ముందు ఆ ఫ్ అనేది బస్సుదేనా? నువ్వు ఊపిరి వదలడం కాదు కదా?"

ఫెర్మీన్ వేలెత్తి బస్సుని చూపించాడు.

అనాక్లేతో తొడ మీద చరుచుకున్నాడు. "మాస్టారూ, మీ పిస్టన్లు రాయిలా ఉన్నాయి! పిస్టను కొట్టుకుంటే మూసిన తలుపు తట్టినట్టు డబ్, డబ్‌మంటుంది. దానికి ఊపిరుండదు. ఇది ముందు ఊపిరొదిలి తర్వాత టక్‌మంటోంది. అంటే ఎక్కడో పొగ సందు చూసుకుని పారిపోతోంది. ఇంజనుకి పొగగొట్టం అతుక్కునే చోట బోల్టు విరిగుంటుంది. చల్లగా ఉంటే సందు తెరుచుకుంటుంది, కూస్తుంది. వేడెక్కితే ఇనుము ఉబ్బి సందు మూసుకుంటుంది, నోరు మూసుకుంటుంది."

"అయితే ఇంజను బోరుకి..."

"రాలేదు" అని ఈసారి ఆయన మాటని అనాక్లేతో పూర్తిచేశాడు.

బానెట్ ఎత్తి లైటు వేసి చూస్తే, వెనకాల ఎవరి కంటికీ ఆనని మూల, ఇంజను పక్కన నల్లటి మసి చార కనపడింది, కాటుక చెరిగినట్టు. అక్కడ బోల్టు తల లేదు. ఎన్నేళ్ళ చలికో, తుప్పుకో తెగిపోయింది. డ్రైవరు చేసిన పాపమేమీ లేదు.

కనిపెట్టడం ఒక ఎత్తు, బాగుచెయ్యడం ఇంకో ఎత్తు. తలతెగిన బోల్టు మొండెం లోపలే ఇరుక్కుని ఉంది. దాన్ని బయటికి లాగాలి. లాగబోతే లోపల ఇంకోసారి విరిగిందా, ఇంజను పైభాగమంతా విప్పి హెడ్డు దింపాల్సిందే, సలీనాస్ పండగ సంగతి మర్చిపోవాల్సిందే. అనాక్లేతో నూనె పోసి నానబెట్టాడు. ఇంజను చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక లోపలికి వంగాడు. అంత సున్నితమైన పని చేస్తుంటే చెవి పక్కన వెన్సెస్లావో మొదలెట్టాడు: "జాగ్రత్తండీ, మా బావమరిది ఒకసారి ఇలాగే..."

"మాస్టారూ" అన్నాడు అనాక్లేతో ఎంతో మర్యాదగా. జేబులోంచి కొత్త బోల్టు తీశాడు. "ఇది పోతే ఒరూరో మొత్తంలో ఇంకోటి దొరకదు. కింద పెడితే దొర్లిపోతుంది. నా చేతులు జిడ్డు. మీ పళ్ళ మధ్య పట్టుకోండి. ఏమైనా సరే వదలొద్దు."

ఆ బాధ్యతకు వెన్సెస్లావో ఛాతీ పొంగింది. బోల్టు కరిచిపట్టుకుని నిలబడ్డాడు. మెరుపు బ్యాండు పుట్టిన తర్వాత అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. బాకావాళ్ళు బయటికెళ్ళి ఒకరి భుజాలొకరు తట్టుకున్నారు.

విరిగిన మొండేనికి ఒక నట్టు పెట్టి వెల్డింగు కొట్టి, అది ఎర్రగా ఉండగానే స్పానరు వేశాడు అనాక్లేతో. పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. ఇనుము కీచుమంది. ఫెర్మీన్ లైటు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. కసిల్దా పొయ్యి మీద ఆపి మాడుతున్నా కదల్లేదు.

సరిగ్గా అప్పుడే పాత ఇనుమువాడు దిగాడు. "ఏం మాస్టారూ, బస్సు అమ్ముతున్నారటగా? తాళాలిస్తారా?"

వెన్సెస్లావో పళ్ళ మధ్య బోల్టుంది. వదలకూడదు. "మ్... మ్మ్... అమ్మ్... అమ్మ్..."

"అమ్మనంటారా?"

ఆయన చేతులూపాడు. "అమ్మ్... అమ్మ్మ్..."

"అర్థమైంది లెండి, అమ్మనే అంటున్నారు. ఆ మాట ముందే చెప్పొచ్చుగా, ఇంత దూరం తిప్పారు" అని వాడు విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

వెన్సెస్లావో వాడి వీపు వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఏమనబోయాడో, అమ్ముతాననో, అమ్మనో, కాస్త ఆగమనో, అది ఈ రోజుకీ ఎవరికీ తెలీదు. కాసేపటికి మెల్లిగా తల తిప్పి, లైటు పట్టుకున్న ఫెర్మీన్‌ను చూశాడు. చాలాసేపు చూశాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

"వచ్చింది!" అని అనాక్లేతో కేక పెట్టాడు. విరిగిన ముక్క నట్టుతో సహా బయటికొచ్చింది, పుచ్చిపోయిన పన్ను ఊడివచ్చినట్టు. మిగిలిన బోల్టులు విప్పి, పాత ప్యాకింగు గీకి పారేసి, కొత్తది వేసి, వెన్సెస్లావో పళ్ళలోంచి బోల్టు తీసుకుని తుడిచి బిగించాడు. "ఇప్పుడు స్టార్టు చేస్తే లాభం లేదు. రాత్రంతా ఇక్కడే చలిలో ఉండనివ్వండి. దీని నిజాయితీ రేపు పొద్దున్న తేలుతుంది" అన్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి మంచు పొడి రోడ్డంతా ఉప్పు చల్లినట్టు పడి ఉంది. బస్సు అద్దాలు తెల్లగా బిగుసుకుపోయాయి. ఇంతకన్నా చలి ఉండదు. బ్యాండు బ్యాండంతా వచ్చింది. నిన్న ఆడిన ముసలి దంపతులొచ్చారు. దొన్యా లియొనోర్ తన నెల వంతు ఇంకా రాకపోయినా వచ్చింది. కసిల్దా పొయ్యి చుట్టూ మూగిన జనం, ఎవరికీ ఆపి మీద ధ్యాస లేదు.

ఫెర్మీన్ సీట్లో కూర్చున్నాడు. అనాక్లేతో బానెట్ మీద చెయ్యి వేశాడు. "కొట్టు."

క్ర్-క్ర్-క్ర్. అందుకుంది.

కాపితాన్ మోర ఎత్తింది. నోరు తెరిచింది. ఊళ గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఏడవడానికి అక్కడేమీ లేదు. ఇంజను నున్నగా, గుండ్రంగా తిరుగుతోంది. అది అటూ ఇటూ చూసి, సిగ్గుపడ్డట్టు నోరు మూసుకుంది.

ఇక చూడాలి సంబరం! టోపీలు ఎగిరాయి. చలికి పెదాలు ఇత్తడికి అంటుకుపోతున్నా లెక్కచెయ్యకుండా బాకాలన్నీ ఒక్కసారి లేచాయి. డోలువాడు కొట్టిన దెబ్బకి వీధి చివర కిటికీలు తెరుచుకున్నాయి. తిట్టడానికి తల బయట పెట్టినవాళ్ళు కూడా సంగతి తెలిసి చెప్పులేసుకుని దిగివచ్చారు.

బస్సుకి మళ్ళీ ప్రాణం వచ్చాక చాల్య, అదే ఆ ఊరివాళ్ళు చేసే బండి పూజ, జరపకుండా ఎలా? బానెట్ మీద రంగు కాగితాల తోరణాలు వేలాడదీశారు, పూలరేకులు జల్లారు, నాలుగు చక్రాల మీదా బీరు చల్లారు, నేలతల్లికి ముందు వాటా పోశారు. ఈ శుభకార్యానికి పెద్దరికం ఎవరిదంటే, వెన్సెస్లావో రెండు చేతులూ చాచి, "ఇంకెవరిది? దోన్ అనాక్లేతోదే! పెద్దాయన నాలుగు మాటలు చెప్పాలి!" అన్నాడు.

"మాటలొద్దు" అన్నాడు అనాక్లేతో. జనం గొల్లుమన్నారు.

అప్పుడు ఫెర్మీన్ సీట్లోంచి దిగాడు. టోపీ తీశాడు. "నే... నే... నేను చె..."

వెన్సెస్లావో నోరు అలవాటుగా తెరుచుకుంది. మరుక్షణం తన అరచేతిని తనే నోటికి అడ్డం పెట్టుకున్నాడు. డోలువాడు గుమికూడిన వాళ్ళందరికేసీ పుల్ల చూపించాడు, ఎవరైనా కదిలితే చూస్కోండన్నట్టు.

"చెప్తాను" అని పూర్తిచేశాడు ఫెర్మీన్.

చెప్పాడు. చాలాసేపు పట్టింది. చక్రాల మీద చల్లిన బీరు గడ్డకట్టేంతసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. తాను మొదటిసారి ఈ షెడ్డుకొచ్చిన రోజు కార్బురేటరు అనే మాట తన గొంతులో అడ్డం పడిందట. వెనక వరసలో ఉన్న డ్రైవర్లు నవ్వారట. ఒకడు హారన్ కూడా కొట్టాడట. అప్పుడు దోన్ అనాక్లేతో లారీ కిందనించి పాకుతూ బయటికొచ్చి, అందరికన్నా గట్టిగా నవ్వినవాణ్ణి, నీ బండికేమైంది అని అడిగాడట.

"వాడు చె... చెప్పబోయాడు. ఈయన చెయ్యెత్తి, మాటలొద్దు, చప్పుడు చెయ్యి అన్నాడు. వాడు చె... చేశాడు. తర్వాతివాడూ చేశాడు. నా వంతొచ్చేసరికి న... నవ్వడానికి ఎవరూ మిగల్లేదు. ఆ ఒక్క రో... రోజుకే అనుకున్నాను. మర్నాడొచ్చినా అదే. ఏళ్ళు గడిచాయి. ఇప్పటికీ అ... అదే."

"ఇక చాలు చాలు!" అని అనాక్లేతో గట్టిగా అరిచాడు. మొహం బీట్‌రూట్ ముక్కలా ఉంది. "సలీనాస్ ఇక్కడుందా? ఎక్కండెక్కండి! ఫెర్మీన్, మాటలు కట్టిపెట్టి హారన్ కొట్టు!"

"మాట్లాడనివ్వండి అతన్ని!" అని ఒక గొంతు ఖంగుమంది. దొన్యా లియొనోర్ గొంతు. వీధి చివరిదాకా వినపడింది. ఆవిడే ఉలిక్కిపడింది.

"అబద్ధాలే ఇవన్నీ" అన్నాడు అనాక్లేతో, దిక్కులు చూస్తూ. "నాకు మాటలు పడవు. మెదడు వాస్తుంది. డాక్టరు..."

"ఏ డాక్టరన్నయ్యా?" అంది కసిల్దా. "పుట్టి బుద్ధెరిగాక నువ్వే డాక్టరు దగ్గరికెళ్ళావు?"

అనాక్లేతో గభాలున వంగి బస్సు కిందికి దూరిపోయాడు. రెండు బూట్లు మాత్రం బయట మిగిలాయి.

"ఇక్కడ బోల్టు వదులైంది! అందరూ దూరం జరగండి!"

ఏ బోల్టూ వదులు కాలేదు. నిన్న ఒక్కోటీ బిగించడం కసిల్దా కళ్ళారా చూసింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని కిందికి తొంగి చూసింది.

"నాకైనా చెప్పొచ్చుగా. నేనిన్నాళ్ళూ నీకు పిచ్చనుకున్నాను."

"అనుకోనీ" అని కిందనించి గొణుగుడు వినపడింది. "వాడొక్కడి కోసమని తెలిస్తే, వాడొక్కడి వైపే చూస్తారు కదే."

కసిల్దా కిందికి చెయ్యి చాపింది. "సరే, బయటికి రా. బస్సు బయల్దేరాలి."

"జనం వెళ్ళాక వస్తా."

"బస్సు కదిలితేగానీ జనం వెళ్ళరు. నువ్వొస్తేగానీ బస్సు కదలదు."

ఈ లెక్కకి ఆయన దగ్గర స్పానరు లేదు.

చివరికి బాకావాళ్ళిద్దరు చెరో కాలూ పట్టుకుని లాగారు. మంచూ జిడ్డూ పూలరేకులూ అంటుకున్న దోన్ అనాక్లేతోని లేవనెత్తి, మెడలో కాగితాల దండ వేసి, ఫెర్మీన్ పక్క సీట్లో కూర్చోబెట్టారు. పండగ పెద్ద పండక్కి రాకపోతే ఎలా అన్నాడు వెన్సెస్లావో. ఆ ఒక్కమాటే అని ఊరుకున్నాడు, అదీ విశేషం. షెడ్డు ఆ పూట మూతపడింది.

బస్సు చల్లటి వీధిలో చప్పుడు లేకుండా కదిలింది. లోపల బ్యాండు మాత్రం ఆకాశం చిల్లుపడేలా వాయిస్తోంది. మలుపు దగ్గర అనాక్లేతో కిటికీలోంచి సగం బయటికి వాలి, చేతులూపుతూ కసిల్దాకేదో అరిచాడు. షెడ్డు తాళం గురించో, పొయ్యి మీద పెట్టిన నూనె గురించో. ఆ హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. ఆవిడ అలాగే అలాగే అని తల ఊపి, నవ్వుకుంటూ వచ్చి, చల్లారిపోతున్న ఆపిని మళ్ళీ పొయ్యి మీదికెక్కించింది.